సుపరిపాలన సరే, పద్దు ఎవరి చేతిలో?

చైనాలో రాజకీయ సంస్కరణ అనగానే మనకు 1989 నాటి తియానన్మెన్ నిరసనలు గుర్తొస్తాయి. కానీ ఆ తర్వాతి పాతికేళ్లలో అక్కడి మేధావులు తెగ వాదించుకున్నది జమాఖర్చుల చుట్టూనే.

1993లో వాంగ్ షావోగ్వాంగ్, హు అంగాంగ్ అనే ఇద్దరు పండితులు ఒక నివేదిక రాశారు. ఖజానా ఖాళీగా ఉన్న కేంద్రం ఏ సంస్కరణనూ నిలబెట్టలేదన్నది వాళ్ల వాదన. అప్పుడు మొత్తం ప్రభుత్వ ఆదాయంలో కేంద్రం వాటా 22 శాతం. 1994లో కేంద్రానికీ స్థానిక ప్రభుత్వాలకూ మధ్య జరిగిన కొత్త పన్నుల పంపకంతో ఏడాదిలోనే 55 శాతం దాటింది. బడులు, ఆసుపత్రులు, రోడ్ల ఖర్చు మాత్రం స్థానిక ప్రభుత్వాల నెత్తినే మిగిలింది. అవి డబ్బు కోసం భూముల అమ్మకాల మీద పడ్డాయి. 2011లో వుకాన్ గ్రామం తిరగబడింది అలాంటి భూ అమ్మకాల మీదే.

'ప్రజాస్వామ్యం మంచిదే' అని 2006లో రాసిన యు కెపింగ్ ఇంకో దారి చూపారు. ఆయన కమ్యూనిస్టు పార్టీ అనువాద సంస్థలో ఉన్నతాధికారి కాబట్టి ఆ మాట చెల్లింది. పారదర్శకత, జవాబుదారీతనం ముందు, పోటీ ఎన్నికలు మెల్లగా. ఆయన చెప్పిన 'షాన్‌జి', అంటే సుపరిపాలన, సారాంశం ఇంతే.

దానికి మంచి నమూనా 2005లో జెజియాంగ్ రాష్ట్రంలోని జెగువో పట్టణం. 30 పనుల అంచనా సుమారు 13.7 కోట్ల యువాన్లు, చేతిలో ఉన్నది 4 కోట్లు. లాటరీ తీసి 275 మందిని ఎంచారు. పనుల వివరాలు ముందే చేతికిచ్చి, చిన్న బృందాలుగా కూర్చోబెట్టి, నిపుణులను ప్రశ్నించనిచ్చి, చర్చకు ముందూ వెనకా అభిప్రాయాలు నమోదు చేశారు. ప్రాధాన్యాల జాబితాలో మురుగునీటి శుద్ధి పైకొచ్చింది. పట్టణ సభ ఆ జాబితాకే ఆమోదం తెలిపింది. పక్కనే ఉన్న షిన్‌హెలో ప్రజాప్రతినిధుల సభే బడ్జెట్‌ను తిరగరాయడం మొదలుపెట్టింది. నా దృష్టిలో అసలు ముందడుగు అది, ఎందుకంటే చట్టం ఆ సభకు ఇచ్చిన అధికారాన్నే అది వాడుకుంది.

సిచువాన్ రాష్ట్రంలోని బుయున్‌కు ఆ చట్టం అండ లేదు. 1998 చివరి రోజున అక్కడి ఓటర్లు టౌన్‌షిప్ (కొన్ని గ్రామాల పాలనా విభాగం) అధిపతిని నేరుగా ఎన్నుకున్నారు. రాజ్యాంగం ప్రకారం ఆ ఎన్నిక స్థానిక సభ చేయాలి. 2001లో ఓటర్లు అభ్యర్థిని ఎంచడంతోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఇలాంటి ప్రయోగాలు చాలావరకు స్థానిక పార్టీ కార్యదర్శి చొరవతో మొదలవుతాయి. ఆయన బదిలీ అయితే కొత్తాయనకు పాతాయన పథకం మోయడంలో లాభం లేదు, ప్రమోషన్‌కు తన ముద్ర కావాలి. పాత పథకాన్ని ఆపొద్దనే హక్కు జనానికి లేదు.

2013లో పార్టీ 'పాలనా సామర్థ్యం ఆధునికీకరణ' అన్న మాటను అధికారికంగా స్వీకరించింది. అదే ఏడాది పార్టీ అంతర్గత ఆదేశమైన 'తొమ్మిదో పత్రం' రాజ్యాంగబద్ధ ప్రజాస్వామ్యాన్నీ పౌర సమాజాన్నీ ప్రమాదాల పట్టీలో చేర్చింది. 2015లో యు కెపింగ్ పదవి వదిలి పెకింగ్ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయారు.