పేదలకు ఇల్లు, దాతకు గోపురం

పేదలకు ఇల్లు కట్టదలిస్తే ముందు గోపురం లేపాలి. ఈ వాస్తు సూత్రానికి ప్రమాణం కావలసినవారు ఇంగ్లండులోని వించెస్టర్ వెళ్లి సెయింట్ క్రాస్ సత్రం చూసి రావచ్చు.

1130లలో బిషప్ హెన్రీ ఆఫ్ బ్లోయిస్ దాన్ని పెట్టినప్పుడు లెక్క సాదాగానే ఉండేది. ఒంట్లో సత్తువ లేని పదముగ్గురికి నీడ, రోజూ మరో వందమందికి తిండి. చర్చి మాత్రం మీటరు దాటిన మందం గోడలతో, రాతి కప్పుతో వందేళ్లకు పైగా కడుతూనే పోయారు. ఆ పదముగ్గురి పాపాలు అంత బరువు కాబోలు.

గేటు మీది గోపురం ఘనత కార్డినల్ (పోప్ తర్వాతి అంతస్తు మతాధికారి) బ్యూఫోర్ట్‌ది. రాజుకే అప్పులిచ్చిన ఈ కుబేరుడు 1445లో ఇక్కడే ఇంకో సత్రం కలిపాడు, బతికి చెడ్డ పెద్దింటివాళ్ల కోసం. దాని పేరు 'కులీన పేదరికం'. పాతవాళ్లకు నల్ల గౌను, వీళ్లకు ఎర్ర గౌను. దరిద్రంలో కూడా ఫస్టు క్లాసు ఉండొద్దా మరి! గోపురం గూట్లో కార్డినల్ గారే రాతిబొమ్మై మోకరిల్లి ఉంటారు. వినయాన్ని అంత ఎత్తున పెట్టకపోతే వచ్చేపోయేవాళ్ల కంట పడేదెలా?

ఇళ్లను మాత్రం వెక్కిరించడానికి నోరు రాదు. ఒక్కో గుమ్మంలోంచి నాలుగు వాటాలు, కింద రెండు, మీద రెండు. కప్పు మీద బారులు తీరిన పొడవాటి పొగగొట్టాలు. ఆ కాలంలో దిక్కులేని ముసలాయనకు సొంత గది, సొంత నెగడు అంటే మాటలా!

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలిగా. సత్రం పెత్తనం 'మాస్టర్'ది. 1808లో వించెస్టర్ బిషప్ బ్రౌన్లో నార్త్ దేశమంతా గాలించారో లేదో గానీ, ఆ పదవికి తగినవాడు సొంత కొడుకు ఫ్రాన్సిసే అని తేలింది. సత్రం రాబడి దశాబ్దాల తరబడి మాస్టరుగారి జేబు దారి పట్టింది. ఆధారం? మిగులు మాస్టరుదేనంటూ 1696లో తమలో తాము రాసుకున్న కాగితం. 1853లో కోర్టు దాన్ని కొట్టేసింది. మీటరు మందం గోడ కట్టిన మేస్త్రీలు ఖాతా పుస్తకం వైపు కన్నం చూసుకోలేదు.

ఇప్పటికీ అక్కడ పాతికమంది దాకా వృద్ధులు ఉంటున్నారు. గేటు దగ్గర అడిగిన బాటసారికి కొమ్ము గ్లాసులో కాస్త బీరు, ఒక రొట్టెముక్క ఇచ్చే ఆచారమూ ఉంది. అయితే నోరు తెరిచి అడగాలి. లోపల తిరిగి చూడాలంటే టికెట్టు కొనాలి.