లాక్ తియ్యమనే అధికారం ఎవరిచ్చారు?

2021 అక్టోబరు చివర్లో హైదరాబాద్ రోడ్ల మీద పోలీసులు బండ్లు ఆపి, నడిపేవాళ్ల ఫోన్లు అడిగి తీసుకుని, వాట్సాప్ తెరిచి 'గంజాయి' అని కొట్టి వెతుకుతున్న వీడియోలు ఊరంతా తిరిగాయి. గంజాయిని తుడిచిపెట్టాలని ప్రభుత్వం గట్టిగా ఆదేశాలిచ్చిన రోజులవి. ఇది చట్టబద్ధమేనా అని విలేకరులు అడిగితే పోలీసుల నుంచి వచ్చిన జవాబు ఇది: మేం ఎవరినీ బలవంతపెట్టడం లేదు, జనమే సహకరిస్తున్నారు, ఎవరూ ఫిర్యాదు చేయడం లేదు, కాబట్టి ఇందులో చట్టవిరుద్ధమేమీ లేదు.

ఆ 'సహకారం' ఎలాంటిదో బండి నడిపే ప్రతివాడికీ తెలుసు. ఎదురుగా యూనిఫారం. చాలాసార్లు బండి తాళం అప్పటికే కానిస్టేబుల్ చేతిలో ఉంటుంది. కట్టని చలానా ఒకటో రెండో ఉండనే ఉంటాయి. డ్యూటీకి ఆలస్యమవుతోంది. అలాంటప్పుడు 'ఫోన్ లాక్ తియ్' అంటే 'తియ్యను, ఏ సెక్షన్ కింద అడుగుతున్నారు' అని ఎదురడగగలిగినవాళ్లు ఎందరు? భయంతో ఇచ్చినదాన్ని సమ్మతి కింద లెక్కగట్టడం అన్యాయం.

చట్టం ఏం చెబుతోందో చూద్దాం. వారెంట్ లేకుండా సోదా చేసే అధికారం పోలీసులకు ఉంది, కాదనలేం. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 165వ సెక్షన్, 2024 జులై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 185వ సెక్షన్ ఆ అధికారం ఇస్తాయి. దానికి షరతులున్నాయి. అప్పటికే ఒక నేరం మీద దర్యాప్తు నడుస్తూ ఉండాలి. కావలసిన వస్తువు ఫలానా చోట ఉందని నమ్మడానికి ఆధారం ఉండాలి. వారెంట్ తెచ్చేలోపు ఆలస్యమై అది చేజారుతుందనిపించాలి. ఆ కారణాలను, ఏ వస్తువు కోసం వెతుకుతున్నారో దాన్ని, సోదాకు ముందే కాగితం మీద పెట్టాలి. ఆ కాగితాలు 48 గంటల్లోపు మేజిస్ట్రేటుకు చేరాలని కొత్త చట్టం గడువు కూడా పెట్టింది. సోదానూ జప్తునూ వీడియో తీయాలని 105వ సెక్షన్ చెబుతోంది. డిజిటల్ ఆధారాలున్న పరికరాన్ని తెచ్చివ్వమని అడిగే 94వ సెక్షన్ కింద కూడా స్టేషన్ అధికారి రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. దారిన పోయేవాణ్ని ఆపి చాట్లు తిరగేసే తనిఖీ వీటిలో ఏ ఒక్కదానికీ నిలవదు. ఎఫ్ఐఆర్ లేదు, అనుమానానికి కారణం లేదు, కాగితం అంతకన్నా లేదు. ముందు ఫోన్ చూసి, ఏమైనా దొరికితే అప్పుడు నేరం వెతుక్కోవడం అది.

గంజాయి కేసులకు వర్తించే మత్తుపదార్థాల చట్టం 1985 ఇంకా కఠినమైనది, కానీ అక్కడా హద్దులున్నాయి. బహిరంగ ప్రదేశంలో ఎవరినైనా సోదా చేయాలంటే నేరం చేశాడని నమ్మడానికి కారణం ఉండాలి. ఒంటి మీద వెతకబోయే ముందు, 'కావాలంటే గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో సోదా చేయించుకునే హక్కు మీకుంది' అని ఆ మనిషికి చెప్పి తీరాలి. అది 50వ సెక్షన్. ఆ మాట చెప్పకపోతే, ఆ సోదాలో దొరికిన సరుకునే నమ్ముకుని వేసిన శిక్ష నిలవదని 1999లో బల్దేవ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. కారణం లేకుండా వేధింపుగా సోదా చేసిన అధికారికే ఆరు నెలల దాకా జైలు వేయవచ్చని 58వ సెక్షన్ అంటుంది.

జేబులో చెయ్యి పెట్టడానికి ఇంత చట్టం ఉంది. అదే జేబులోని ఫోన్ తెరవడానికి ప్రత్యేకంగా ఇలాంటి రక్షణ ఒక్కటీ రాసి లేదు. జేబులో పర్సు, రుమాలు, మహా అయితే ఒక పొట్లం దొరుకుతుంది. ఫోన్‌లో ఆసుపత్రి రిపోర్టులుంటాయి, బ్యాంకు లావాదేవీలుంటాయి, భార్యాభర్తల గొడవ ఉంటుంది, ఎప్పుడో తెగిపోయిన స్నేహం ఉంటుంది. మనకు మెసేజ్ పెట్టిన వందమంది మాటలుంటాయి, వాళ్లను ఏ పోలీసూ ఏ అనుమతీ అడగలేదు. అమెరికా సుప్రీంకోర్టు 2014లో రైలీ కేసులో, అరెస్టు చేసిన మనిషి ఫోన్ అయినా సరే వారెంట్ లేకుండా తెరవకూడదంది. మన దగ్గర అరెస్టు కూడా కాని మనిషి ఫోన్ నడిరోడ్డు మీద తెరుస్తున్నారు.

ఈ వాదన మనకు అరువు తెచ్చుకున్నది కాదు. 1954లో ఎం.పి. శర్మ కేసులో మన సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఎనిమిదిమంది సోదా అధికారానికి గోప్యత అనే అడ్డు మన రాజ్యాంగంలో లేదన్నారు. తర్వాత 1962లో ఖరక్ సింగ్ కేసు. పోలీసులు రాత్రిపూట ఇంటికొచ్చి తలుపు తట్టడం కుదరదని ఆరుగురు న్యాయమూర్తులూ ఒప్పుకున్నారు, గోప్యత హక్కు దగ్గర మాత్రం చీలిపోయారు. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి వెళ్లిన కోకా సుబ్బారావు మెజారిటీతో విభేదించి, జస్టిస్ షాతో కలిసి, గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయలేని భాగమని రాశారు. నిఘా కింద బతికే మనిషి స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కనిపించినా స్వేచ్ఛగా లేడన్నది ఆయన వాదన సారం. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఆ వైపుకే వచ్చారు. అందుకు 55 ఏళ్లు పట్టింది.

ఈ మధ్యలో హైదరాబాద్ నుంచే వెళ్లిన ఒక కేసుకు రావలసినంత గుర్తింపు రాలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1986లో స్టాంపు చట్టం 73వ సెక్షన్‌ను సవరించింది. కలెక్టరు అధికారమిస్తే ఎవరైనా సరే ఏ చోటికైనా వెళ్లి, బ్యాంకులతో సహా, దస్తావేజులు తనిఖీ చేసి స్వాధీనం చేసుకోవచ్చని ఆ సవరణ. హైకోర్టు కొట్టేసింది. ప్రభుత్వం పైకి వెళితే 2004లో సుప్రీంకోర్టు కూడా కెనరా బ్యాంకు కేసులో దాన్ని నిలబెట్టలేదు. గోప్యత మనిషికి చెందింది, చోటుకు చెందింది కాదు, నా కాగితం బ్యాంకులో ఉన్నంత మాత్రాన నా గోప్యత పోదు అన్నది ఆ తీర్పు. కారణాలు రాయనక్కర్లేని, మార్గదర్శకాలు లేని సోదా అధికారం చెల్లదని కూడా చెప్పింది. స్టాంపు డ్యూటీ కోసం దస్తావేజు చూడటానికే ఆ హద్దు గీసిన కోర్టు, ఫోన్‌కు అంతకన్నా తక్కువ రక్షణ చాలంటుందా?

మరి ఇన్ని తీర్పులుండగా తనిఖీలు ఎందుకు ఆగవు? నా దృష్టిలో కారణం పూరణ్‌మల్ కేసులో 1973 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. సోదా అక్రమమైనా, అందులో దొరికిన ఆధారం కేసుకు పనికొచ్చేదైతే కోర్టు తీసుకోవచ్చని అది చెప్పింది. 50వ సెక్షన్ లాంటి మినహాయింపు ఉన్నచోట తప్పితే అక్రమ సోదాకు పోలీసు చెల్లించే మూల్యం దాదాపు ఏమీ లేదు. ఏమీ దొరకకపోతే మనిషి ఊపిరి పీల్చుకుని వెళ్లిపోతాడు, ఫిర్యాదు చేయడు. దొరికితే కేసు నిలుస్తుంది. ఎటు చూసినా నష్టపోయేది పౌరుడే. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో ఒప్పుకున్నాక కూడా, దాన్ని ఉల్లంఘించి సంపాదించిన ఆధారానికి కోర్టు తలుపు తెరిచి ఉంచడం నాకు అర్థం కాదు.

ఈ భారం అందరి మీదా ఒకేలా పడదని కూడా చెప్పాలి. తెల్లవారుజామున పోలీసులు చుట్టుముట్టి ఇంటింటికీ వెళ్లి ఆధార్ కార్డులు, బండి కాగితాలు అడిగే నిర్బంధ తనిఖీల వార్తలు చదవండి, దాదాపు అన్నిట్లోనూ బస్తీల పేర్లే ఉంటాయి. గేటెడ్ కమ్యూనిటీని అలా చుట్టుముట్టిన వార్త నేను చదవలేదు.

పోలీసుల వైపు నుంచి వచ్చే వాదనను తేలిగ్గా తీసేయలేం. విశాఖ ఏజెన్సీ నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి గంజాయి వస్తున్న మాట నిజం, అది పిల్లల చేతికి చేరుతున్న మాటా నిజం. తప్పిపోయిన అమ్మాయిని వెతకాలంటే ఫోన్ ఆ గంటలోనే చూడాల్సి రావచ్చు. అలాంటి అత్యవసరానికి 185వ సెక్షన్‌లోనే దారి ఉంది, కారణం రాసి ముందుకెళ్లవచ్చు. 2021లో కర్ణాటక హైకోర్టు వీరేంద్ర ఖన్నా కేసులో అదే చెప్పింది: ఫోన్ వెతకాలంటే వారెంట్ తీసుకోండి, అత్యవసరమైతే కారణాలు రాయండి. అది కూడా డ్రగ్స్ కేసే. 2023 నవంబరులో సుప్రీంకోర్టు పాత్రికేయుల పరికరాల జప్తు తీవ్రమైన విషయమంటూ మార్గదర్శకాలు తెమ్మని కేంద్రాన్ని అడిగింది. అవి వచ్చేదాకా కేంద్ర సంస్థలు సీబీఐ మాన్యువల్ (ఆ సంస్థ దర్యాప్తు నిబంధనల పుస్తకం) పాటిస్తాయని కేంద్రం హామీ ఇచ్చింది. బస్తీలో బండి ఆపే రాష్ట్ర పోలీసులకు ఆ హామీ వర్తించదు.

ఢిల్లీ కోసం ఎదురుచూడకుండా రెండు తెలుగు రాష్ట్రాల డీజీపీలు ఒక సర్క్యులర్‌తో చేయగల పని ఇది. అనుమానం బలంగా ఉంటే ఫోన్‌ను స్విచాఫ్ చేసి, పంచుల (సాక్షుల) ముందు కవర్లో పెట్టి సీలు వేసి, రసీదు చేతికివ్వండి. తెరవడం మాత్రం మేజిస్ట్రేటు అనుమతితోనే, ఏ తేదీల నుంచి ఏ తేదీల దాకా, ఏ రకం సమాచారం కోసమో ఆ అనుమతిలో రాసి ఉండాలి. తెరిచే ముందు హాష్ విలువ (లోపలి సమాచారం ఏ కాస్త మారినా పట్టిచ్చే సంకేతం) నమోదు చేసి ఒక కాపీ యజమానికివ్వాలి, తర్వాత ఫోన్‌లో ఎవరో ఏదో పెట్టారన్న అనుమానానికి తావు లేకుండా అది పోలీసులనూ కాపాడుతుంది. రోడ్డు మీద ఫోన్ అడిగే పోలీసు, ఇవ్వకపోయే హక్కు ఉందని ముందే చెప్పాలి. ఒంటి సోదాకు మత్తుపదార్థాల చట్టం 50వ సెక్షన్ అలాంటి హక్కు ఇచ్చింది 1985లోనే.