చెప్పి చూశాను, ఫలితం ఇదీ
ఎప్పుడూ తన గోడే తప్ప మన మాట వినని స్నేహితురాలికి దూరం జరిగే ముందు, ఆమెతో కూర్చుని మనసులో మాట చెప్పేయండి అని ఒక వ్యాసంలో రాశారు. మిగతాదంతా ఒప్పుకుంటాను గానీ ఇక్కడే నాకు తేడా కొట్టింది. నేనా పని చేసి చూశాను. 2016లో అమీర్‌పేట హాస్టల్లో నా రూమ్మేట్. కోచింగ్ అయిపోయి ఎవరి ఉద్యోగాల్లో వాళ్లం పడ్డాక కూడా రాత్రి పదకొండింటికి ఫోన్ చేసేది. వాళ్ల మేనేజరు, వాళ్ల అత్తగారు, మళ్లీ మేనేజరు. ఫోన్ వేడెక్కిపోతుంటే ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంటూ ఊఁ కొట్టేదాన్ని. గుంటూరులో మా నాన్నకి స్టెంట్ వేసిన రోజు ‘ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నానే’ అన్నాను. ‘అయ్యో, జాగ్రత్త. అది సరేగానీ ఇవాళ మావాడు ఏమన్నాడో తెలుసా’ అంది. మావాడంటే మేనేజరే. నెల తర్వాత ఇదంతా మెల్లిగా చెప్పాను. ‘నువ్వు కూడా ఇలా అంటావనుకోలేదు’ అని ఒకటే ఏడుపు. చివరికి గంటన్నరసేపు నేనే ఓదార్చాను! ఎదుటివాళ్ల మాట వినే అలవాటే ఉంటే అసలు అక్కడిదాకా వస్తుందా? ఆ తర్వాత ఇంకేమీ చెప్పలేదు. పదింటికల్లా ఫోన్ సైలెంట్‌లో పెట్టి, పొద్దున్నే ‘నిద్రపోయానే’ అని ఒక మెసేజ్ పడేసేదాన్ని. నా అంతట నేను చేయడం మానేశాను. మూడు వారాలకి కాల్స్ ఆగిపోయాయి, ఊఁ కొట్టేవాళ్లు ఇంకెవరో దొరికుంటారు. మా అమ్మ మాత్రం ‘ఆ పిల్ల ఈమధ్య ఫోన్ చేయట్లేదేంటే, పాపం’ అని ఇప్పటికీ అడుగుతుంది.