చదువుకునే కుర్చీకి నిటారు వీపు పనికిరాదు

విశాఖ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం ఆగకుండా తిరుగుతోంది. ఇంట్లో చదువుకునే కుర్చీకి అయిదు సూత్రాలట. వీపు సరిగ్గా 90 డిగ్రీలుండాలి. సీటు ఎంత లోతుగా, మెత్తగా ఉంటే అంత సుఖం. పుస్తకం ఒళ్లోనే ఉంటుంది గనక కుర్చీకి చేతులు దండగ. సముద్రం కనిపించే కిటికీకి ఎదురుగా వేసుకోవాలి. టేకుతో చేయిస్తే ఉప్పుగాలికి కూడా చెక్కుచెదరదు. ఇది నమ్మి వడ్రంగికి అడ్వాన్సు ఇచ్చేవాళ్లున్నారు కాబట్టి ఒక్కొక్కటే చూడాలి.

90 డిగ్రీల మాట పెద్ద పొరపాటు. నిటారు వీపు మీద మన బరువు ఆనదు, ఒంటి పైభాగమంతా నడుం కండరాలే మోయాలి. కాసేపు మోస్తాయి. ఆ తర్వాత మనకు తెలియకుండానే ముందుకి జారి, గూనిగా వంగిపోతాం. సరిగ్గా కూర్చోమని పిల్లల్ని కసురుతాం గానీ తప్పు కుర్చీది. స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్‌సన్, ఆయన సహచరులు 1960, 70 దశకాల్లో వెన్నుపూసల మధ్య డిస్కులోకి సూది పంపి ఒత్తిడి కొలిచారు. ఆసరా లేకుండా నిటారుగా కూర్చున్నప్పటి కంటే, వెనక్కి వాలిన వీపుకి ఆనుకున్నప్పుడు ఆ ఒత్తిడి తగ్గింది.

కాబట్టి వీపు 15 నుంచి 20 డిగ్రీలు వెనక్కి వాలాలి. వడ్రంగికి డిగ్రీలు చెప్పకండి, సెంటీమీటర్లు చెప్పండి. వీపు పొడవు 60 సెం.మీ. అనుకుంటే, దాని పైకొస నుంచి దారానికి నట్టు కట్టి వేలాడదీయండి. ఆ దారానికీ వీపు మొదలుకీ మధ్య 15 నుంచి 20 సెం.మీ. ఎడం రావాలి. వీపు ఒక్కటే వాల్చి సీటు చదునుగా వదిలేస్తే మళ్లీ ముందుకే జారతాం. 45 సెం.మీ. లోతున్న సీటుకి వెనక అంచు, ముందు అంచు కంటే 4 సెం.మీ. దిగువన ఉండాలి. ఇంత వాలినప్పుడు తలకీ ఆసరా కావాలి. పాత పడక కుర్చీలో పేపరు చదివేవాళ్ల గడ్డం ఛాతీకి ఆనుతుంది చూడండి, గుడ్డ సంచిలా కుంగి వీపు గుండ్రమైపోవడం వల్లే.

డబ్బు పెట్టే ముందు ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. డైనింగ్ కుర్చీని గోడకి ఆనించి, ముందు కాళ్ల కింద 4 సెం.మీ. మందం చెక్కముక్కలు పెట్టండి. తల వెనక దిండు వేసుకుని అరగంట చదవండి. తేడా మీకే తెలుస్తుంది.

ఇక లోతు. 55, 60 సెం.మీ. లోతుండే సోఫాలో అయిదడుగుల మనిషి వీపు ఆనిస్తే పాదాలు నేలకి అందవు, సీటు అంచు మోకాలి వెనక నొక్కుతుంది. ముందుకి జరిగితే వీపు ఉండీ లేనట్టే. వీపు ఆనించి కూర్చున్నప్పుడు సీటు అంచుకీ మోకాలి మడతకీ మధ్య మూడు వేళ్లు పట్టాలి, అంటే చాలామందికి 42 నుంచి 46 సెం.మీ. లోతు చాలు. సీటు ఎత్తుకి, చెప్పులు లేకుండా మడమ నుంచి మోకాలి మడత దాకా కొలిచి, కూర్చుంటే కుంగిన తర్వాత అంతకి మించకుండా చూసుకోండి. ఇంట్లో అందరి కొలతలూ ఒకటి కావు. ఎక్కువసేపు చదివే మనిషి కొలతే తీసుకోండి. ఫోమ్ కొనేటప్పుడు "నలభై డెన్సిటీ" అని అడగండి, అంటే ఘనపు మీటరుకి 40 కిలోలు. 8 నుంచి 10 సెం.మీ. మందం సరిపోతుంది. నాసిరకం ఫోమ్ త్వరగా గుంట పడుతుంది. సీటు కుంగితే కుర్చీ చేతులు ఎత్తయిపోయి భుజాలు పైకి లేస్తాయి. మన ఉక్కకి రెక్సిన్ వద్దు, నూలు కాన్వాసు వేయించండి.

కుర్చీకి చేతులు దండగ అనడం మరీ అన్యాయం. పుస్తకం ఒళ్లో ఉంటే మెడ వంగక తప్పదు. నాలుగైదు కిలోల తల వంగేకొద్దీ మెడ కండరాల మీద భారం పెరుగుతుంది. మోచేతులు ఆనితే పుస్తకం కళ్ల నుంచి 35, 40 సెం.మీ. దూరంలో హాయిగా నిలుస్తుంది. కుర్చీ చేతులు కుంగిన సీటు మీద 20 నుంచి 22 సెం.మీ. ఎత్తు, 8 సెం.మీ. వెడల్పు ఉంటే బాగుంటుంది. లావుపాటి పుస్తకానికి ఒళ్లో దిండు వేసుకోండి.

కిటికీకి ఎదురుగా వద్దు. పొద్దున్నే తూర్పు నుంచి సముద్రం మీద మెరిసే వెలుగు నేరుగా కళ్లల్లో పడుతుంది, కాగితం నల్లగా కనిపిస్తుంది. కిటికీ పక్కనో, భుజం వెనకో ఉండాలి. రాత్రి దీపమూ అక్కడే.

టేకు మంచిదే, కాదనం. కానీ టేకంతా ఒకటి కాదు. చేవ, అంటే మాను నడిమి ముదురు చెక్క, మన్నుతుంది, దాని చుట్టూ ఉండే తెల్లచెక్కని చెదలు వదలవు. ఫ్రేముకి పాలిష్ వేయకముందే చూసి, తెల్లచెక్క ఉంటే తీయించండి. పచ్చి చెక్కయితే ఆరేకొద్దీ కుదించుకుపోయి అతుకులు వదులవుతాయి. టేకులో సహజంగా నూనె ఉంటుంది, జిగురు పెట్టే ముందు అతుకుని సాండ్‌పేపరుతో రుద్ది థిన్నరుతో తుడవకపోతే జిగురు సరిగ్గా పట్టదు. అన్నిటికంటే ముందు పోయేది చెక్క కాదు, స్క్రూ. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఇనుప స్క్రూ తుప్పు పట్టి ఉబ్బుతుంది, చుట్టూ టేకు నల్లబడుతుంది, రంధ్రం పెద్దదై కుర్చీ ఊగుతుంది. ఇత్తడి గానీ స్టెయిన్‌లెస్ స్టీలు గానీ వేయించండి, సముద్రానికి మరీ దగ్గరైతే స్టీలులో ఉప్పుగాలిని బాగా తట్టుకునే 316 రకం అడగండి. బరువు మోసే చోట స్క్రూ మీదే ఆధారపడకుండా, ఒక చెక్క కొస రెండోదాని గాడిలో దిగే అతుకు పెట్టమనండి. పాలిష్ కనిపించేచోటే కాదు, సీటు అడుగునా కాళ్ల కొసలకీ పట్టాలి. రోజూ తడిగుడ్డ పెట్టే ఇళ్లలో నీళ్లు పీల్చుకునేవి ఆ కొసలే, వాటికి నైలాన్ బుష్‌లు కొట్టించండి.