సవరణ: ముత్తాత పింఛను పుస్తకం, ‘హైదరాబాద్’ పేరున్న రెండు సైన్యాలు

హన్మకొండలో మా పెద్దనాన్న ఇంట్లో దొరికిన ముత్తాత పింఛను పుస్తకం గురించి పోయిన వారం రాశాను. అందులో ‘ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ’ అని ఉంది కాబట్టి, వివరాలకు రాణీఖేత్‌లోని కుమావూ రెజిమెంట్ రికార్డు ఆఫీసుకు రాయాలన్నాను. అది తప్పు, నేను సరిచూసుకోకుండా రాశాను.

1945లో కుమావూ రెజిమెంట్‌గా పేరు మారింది బ్రిటిష్ ఇండియా సైన్యంలోని 19వ హైదరాబాద్ రెజిమెంట్. మా ముత్తాత చేసింది నిజాం సొంత సైన్యంలో. ఆ కాలానికి రెండూ వేర్వేరు సైన్యాలు. పైగా రెండు సైన్యాల పటాలాలూ 1941లో మలయాలో (ఇప్పటి మలేషియాలో) జపాన్ వాళ్లతో పోరాడాయి. నిజాం ఫస్ట్ ఇన్‌ఫంట్రీ కోటా బారు విమానాశ్రయం దగ్గర ఉంది. అందుకే పేర్లు ఇంతగా కలిసిపోతాయి. ఈ సంగతి ఒక రిటైర్డ్ సుబేదార్ గారు చెప్పారు, తర్వాత సైనిక చరిత్ర పుస్తకాల్లో చూశాను.

నిజాం కాలం కాగితాలకు వెళ్లాల్సింది తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు. ఎక్కువగా ఉర్దూలో ఉంటాయి, చదివేవాళ్లు వెంట ఉంటే నయం. పింఛను హాలీ సిక్కాలో (నిజాం రూపాయిల్లో) రాసి ఉందా, కల్దార్‌లోనా (బ్రిటిష్ ఇండియా రూపాయిల్లోనా) అన్నది కూడా చూడండి. హాలీ అయితే నిజాం సర్కారుదే కావచ్చు.

ఇంకొకటి. పుస్తకంలోని 1349ని కొందరు హిజ్రీ అనుకుని, ఆయన 1930లో చేరారన్నారు. అది ఫసలీ, అంటే నిజాం కాలం రెవెన్యూ లెక్కల సంవత్సరం, మన పాత పహాణీల్లో ఉన్నట్టే. 590 కలపాలి. అంటే 1939-40, యుద్ధం మొదలయ్యాక.