రక్తం తీసేవాళ్లనూ లెక్కలోకి తీసుకోండి

కరోనా రోజుల్లో ఫోన్ కాలర్ ట్యూన్ దగ్గర్నుంచి ఆటో వెనక పోస్టర్ దాకా అందరూ ఒకటే చెప్పారు, దూరం పాటించండి అని. కానీ దూరంగా నిలబడి ఎవరి చేతిలోంచీ రక్తం తీయలేం కదా. రబ్బరు పట్టీ కట్టాలి, నరం దొరికేదాకా వంగి చూడాలి, సూది గుచ్చాలి, 350 మిల్లీలీటర్ల బ్యాగ్ నిండేదాకా కనిపెట్టుకుని ఉండాలి, దాతకు కళ్లు తిరిగితే పడిపోకుండా పట్టుకోవాలి. ఆ టెక్నీషియన్‌కూ దాతకూ మధ్య ఉండేది మహా అయితే మూరెడు దూరం. ఒకరి తర్వాత ఒకరు, రోజంతా అంతే.

2020 లాక్‌డౌన్‌లో కాలేజీలు, ఆఫీసులు మూతపడి రక్తదాన శిబిరాలు ఆగిపోయాయి. తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్త జబ్బు ఉన్న పిల్లలకు మాత్రం రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే, లాక్‌డౌన్ అని ఆగదు. ఆ ఏప్రిల్‌లో చిరంజీవి స్వయంగా రక్తం ఇచ్చి అందరినీ రమ్మని పిలిచారు, చాలామంది ధైర్యం చేసి వచ్చారు కూడా. అది నిజంగా మెచ్చుకోవాల్సిన విషయం. అయితే అప్పుడు నడిచిన మాటంతా దాతల భయం, దాతల భద్రత గురించే. సూది పట్టుకున్న మనిషి ఊసెత్తినవాళ్లు తక్కువ.

అసలు ప్రమాదం ఎక్కడుందో ముందు సూటిగా మాట్లాడుకోవాలి. రక్తం ఎక్కించడం వల్ల కరోనా సోకినట్టు నిర్ధారణ అయిన కేసు లేదు, ఆ వైరస్ వచ్చేది ఊపిరి ద్వారా. రక్తదానానికి వచ్చేవాళ్లు జ్వరం లేనివాళ్లు, చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, మంచి మనసుతో వచ్చినవాళ్లు, అందుకే సిబ్బందికి అనుమానం రాదు. లక్షణాలు లేకుండానే వైరస్ మోసే మనిషిని థర్మామీటర్ పట్టుకోలేదు. కొవిడ్ వచ్చి తగ్గినవాళ్లు 28 రోజుల దాకా రక్తం ఇవ్వొద్దని జాతీయ రక్తమార్పిడి మండలి చెప్పింది, మంచి నిబంధనే, కానీ తనకు వచ్చిందని తెలియని మనిషి ఫారం మీద ఏమని రాస్తాడు? కాబట్టి ఇలాంటి జబ్బు మళ్లీ వస్తే, రక్తం ఇవ్వడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ వైరస్ ఉండొచ్చు అనుకునే పని చేయాలి, ఆ పనికి తగ్గ ఎన్95 మాస్కు ఇవ్వాలి. పల్చటి సర్జికల్ మాస్కు ఒకటి చేతిలో పెట్టి రోజంతా దాంతోనే గడపమనడం కుదరదు.

ఇంకో ముఖ్యమైన సంగతి, దాత రక్తం ఇచ్చాక జ్యూస్, బిస్కెట్లు తీసుకుంటాడు. అక్కడే మాస్కు తీస్తాడు, పక్కవాళ్లతో కబుర్లు చెబుతాడు, సిబ్బంది అతన్ని కాసేపు కనిపెట్టుకుని ఉండాలి. పైగా రక్తం సేకరించే గదికి ఏసీ ఉండాలని మన నిబంధనలే చెబుతాయి, అంటే తలుపులు, కిటికీలు బిగించిన గది. మామూలు రోజుల్లో అది దాతకు సుఖం, గాలి ద్వారా వ్యాపించే జబ్బు ఉన్నప్పుడు అదే అపాయం. బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు చేయాలి, జ్యూస్ ఇచ్చేచోటు వరండాలోకో చెట్టు కిందికో మార్చాలి. దీనికి పెద్ద ఖర్చు కూడా ఉండదు.

కొత్త జబ్బు వచ్చిందని పాత జబ్బులు పక్కకు పోవు. హెపటైటిస్ బి, హెచ్ఐవీ భయం సూదితో పాటే ఉంటుంది. ఫేస్ షీల్డ్ మీద ఆవిరి పట్టి, చెమటలు కారుతూ, రెండు జతల గ్లవ్స్‌తో నరం వెతికేవాళ్లకు సూది గుచ్చుకునే అవకాశం పెరుగుతుందే తప్ప తగ్గదు. గుచ్చుకుంటే హెచ్ఐవీ నివారణ మందు వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా మొదలవ్వాలి. అర్ధరాత్రి షిఫ్టులో ఉన్న కాంట్రాక్టు టెక్నీషియన్‌కు ఆ మందు ఎక్కడ దొరుకుతుందో, ఎవరిని అడగాలో ముందే తెలిసి ఉండాలి.

ఇళ్లకు వెళ్లి శాంపిల్ తీసే కుర్రాళ్ల సంగతి ఇంకా ఘోరం. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ, రక్తం గడ్డకడుతోందేమో చెప్పే డీ-డైమర్ టెస్టుల కోసం జనం ల్యాబుల చుట్టూ తిరిగారు. హోమ్ ఐసొలేషన్‌లో ఉన్న పేషెంట్ గదిలోకి ఇంట్లోవాళ్లే అడుగు పెట్టని రోజుల్లో, బైకు మీద వచ్చి ఆ మంచం పక్కన కూర్చుని రక్తం తీసింది వీళ్లే. ఒక ఇంట్లోంచి బయటపడి ఇంకో ఇంటికి వెళ్లేలోపు ఆ గ్లవ్స్, గౌను ఎక్కడ విప్పాలి? వాడిన సూది ఎందులో వేయాలి?

కేంద్రం 2020 మార్చిలో ప్రకటించిన 50 లక్షల బీమా కొవిడ్ రోగులకు నేరుగా సేవ చేసే ఆరోగ్య సిబ్బంది కోసం. రక్తదాతను ఎవరూ రోగి అనరు, మరి అతని నుంచి వైరస్ అంటుకున్న బ్లడ్ బ్యాంకు ఉద్యోగి కుటుంబం తమ హక్కును ఎలా రుజువు చేసుకోవాలి? తర్వాతి మహమ్మారికి రాసే బీమాలో రక్తం సేకరించే ప్రతి ఒక్కరినీ, ప్రైవేటు ల్యాబుల వాళ్లతో సహా, పేరు పెట్టి చేర్చాలని మేం గట్టిగా కోరుతున్నాం. టీకా వచ్చినప్పుడు మొదటి జాబితాలోనూ వాళ్లు ఉండాలి.

సిబ్బందిని రెండు జట్లుగా విడగొట్టి, ఒక జట్టు ఇంకో జట్టుకు ఎదురుపడకుండా షిఫ్టులు వేయాలి. చిన్న బ్లడ్ బ్యాంకులో నలుగురైదుగురే ఉంటారు, ఒకరికి పాజిటివ్ వస్తే మొత్తం జట్టు క్వారంటైన్‌కు వెళ్తుంది, ఆ రోజు నుంచి సేకరణ బంద్. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు, ముందే దాచిపెట్టుకోవడం కుదరదు. జ్వరం వచ్చినవాళ్లు దాచిపెట్టి డ్యూటీకి రాకూడదంటే ఇంట్లో ఉన్న రోజులకూ జీతం ఇవ్వాలి. రోజు కూలీ లెక్కన, శాంపిల్‌కు ఇంత అని డబ్బులిచ్చేచోట ఈ మాట మరీ వర్తిస్తుంది.

రెండు తెలుగు రాష్ట్రాల రక్తమార్పిడి మండళ్లు, ఔషధ నియంత్రణ శాఖలు ఇవన్నీ ఇప్పుడే, జబ్బు లేని రోజుల్లోనే కాగితం మీద పెట్టాలి. బ్లడ్ బ్యాంకు లైసెన్సు తనిఖీలో ఫ్రిజ్ ఉష్ణోగ్రత, రిజిస్టర్లు ఎలాగూ చూస్తారు. ఎన్95 మాస్కుల నిల్వ ఎంతుంది, గాలి ఏర్పాటు ఎలా ఉంది, కాంట్రాక్టు వాళ్లతో సహా ఎంతమందికి హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పడ్డాయి అన్నది కూడా ఆ తనిఖీలోనే చూడాలి, లేకపోతే గడువు పెట్టి సరిచేయించాలి.