కవరన్నా, నీ పేరు ఏ బుక్కుల రాయాలె?

కవరన్నా, నమస్తే.

ప్రెస్ మీట్ పదకొండు గంటలకని మెసేజ్ పెడ్తరు, నాయకుడు పన్నెండున్నరకు దిగుతడు. నువ్వు మాత్రం ఆయనకంటె ముందే వచ్చి పీఏ బ్యాగుల కూసుంటవు. చాయ్, రెండు బిస్కెట్లు, ప్రెస్ నోటు, ఆ నోటు మడతల విలేకరి కోసం పైసలు దాచుకున్న నువ్వు. నిన్ను అంటించరు. అంటిస్తే చింపాలె, చింపితే చప్పుడైతది. పెండ్లిల కట్నాలు రాసేటప్పుడు 116 అయినా సరే ఊరు, ఇంటిపేరుతో సహా నోటుబుక్కుల ఎక్కిస్తరు. నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ చుట్టూ ఇన్ని ప్రెస్ మీట్లయితయి గదా, నిన్ను ఎక్కించిన బుక్కు ఒక్కటన్నా లేదు.

నిన్ను తీసుకునేటోన్ని తిట్టుడు సులువు. అసలు నువ్వు యాడ పుట్టినవో ఎవరూ అడగరు. చాలా పేపర్లల్ల మండల విలేకరికి జీతం ఉండదు. లైన్ అకౌంట్ ఉంటది. అచ్చయిన వార్తను కొలిచి, కాలమ్ సెంటీమీటర్ల లెక్కన ఇచ్చే పైసలు. పొద్దున చండూరుల యాక్సిడెంటు, పగటీలి మర్రిగూడల ధర్నా, సొంత పెట్రోలుతోని రెండూ తిరిగొస్తే, డెస్కుల కత్తెర పడి సింగిల్ కాలమ్ నాలుగు సెంటీమీటర్లు మిగుల్తది. దాని మీద యాడ్ టార్గెట్. జనవరి 26, జూన్ 2, ఆగస్టు 15, దసరా, మధ్యల ఎమ్మెల్యే బర్త్‌డే. యాడ్ అడగాల్సింది ఎవర్ని? సర్పంచిని, కాంట్రాక్టర్ని, ప్రైవేటు స్కూలోన్ని. వార్త రాయాల్సింది ఎవరి మీద? మళ్ల వాళ్ల మీదనే. ఈ సందుల పుట్టినవ్ నువ్వు. లెక్క తీస్తే నీతోని బాగుపడేది విలేకరి కంటె యజమానే. ఆయన ఇయ్యాల్సిన జీతం నువ్వు కడ్తున్నవు.

ఎలక్షన్లు రాంగనే నువ్వు బలిసి ప్యాకేజీ అయితవు. అప్పుడు బేరం మండలంల కాదు, పైన జరుగుతది. పెద్ద పేజీకి 8 కాలమ్‌లు, ఒక్కోటి 50 సెంటీమీటర్లు అనుకుంటే 400 కాలమ్ సెంటీమీటర్లు. సెంటీమీటరు 500 రూపాయలనుకో, పేజీ 2 లక్షలు. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. నిజాయితీగ 20 పేజీల యాడ్ ఏయించుకుంటే జెండాకు, జీపుకు, బిర్యానీకి మిగిలేది సున్నా. అందుకని యాడ్ వార్త వేషం కడ్తది. మూలకున్న ‘ప్రకటన’ అనే చిన్న అక్షరాలు రాలిపోయి, పైన ‘అడుగడుగునా నీరాజనం’ మొలుస్తది.

ఆ వేషాన్ని గుర్తుపట్టే ఆనవాళ్లు ఎన్నికల సంఘమే రాసిపెట్టింది. ఒకే ఫొటో, ఒకే హెడ్డింగు, వేరే వేరే విలేకర్ల పేర్లతోని రెండు పేపర్లల్ల ఒకేసారి వచ్చుడు. ఒకే పేజీల ఇద్దరు ప్రత్యర్థులూ గెలుస్తున్నట్టు రాసుడు. ఒక్క అభ్యర్థికే అన్ని వర్గాల మద్దతు ఉందనుడు. చివరిది చదివితే నల్లగొండోనికి నవ్వొస్తది. ఇదే లోక్‌సభ సీటుకు 1996ల 480 మంది నిలబడ్డరు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన ఊర్ల కోపం అది. కవరు ఖర్చు లేకుంట ఢిల్లీ దాకా వార్తయింది. (తర్వాత సర్కారు ఏం చేసింది? డిపాజిట్ 500 నుంచి 10 వేలకు పెంచింది.)

నిన్ను పట్టుకునేటందుకు జిల్లాల ఎంసీఎంసీ (మీడియా సర్టిఫికేషన్, మానిటరింగ్ కమిటీ) అని ఒకటి ఉంటది. అనుమానం వస్తే, వార్త వచ్చిన 96 గంటలల్ల రిటర్నింగ్ ఆఫీసరు నోటీసు ఇయ్యాలె, అభ్యర్థి 48 గంటలల్ల జవాబు చెప్పాలె. జవాబు తెలిసిందే: “నేను పైస ఇయ్యలే, అభిమానంతోని రాసిండ్రు.” పేపరోళ్లదీ అదే మాట. రసీదు లేదు, బ్యాంకు ఎంట్రీ లేదు. ఒకవేళ తేలినా, ఆ జాగకు సర్కారు యాడ్ రేటు కట్టి అభ్యర్థి ఖర్చుల కలుపుతరు, అంతే. ఉత్తరప్రదేశ్‌ల బిసౌలి ఎమ్మెల్యే ఒకామె ఈ లెక్క చూపలేదని 3 ఏండ్లు అనర్హురాలైంది. ఎలక్షన్ 2007ల, తీర్పు 2011 అక్టోబర్‌ల. అప్పటికి పదవి దాదాపు అనుభవించుడు అయిపోయింది.

నీ అన్నదమ్ములు లోకమంతా ఉన్నరు. ఇండోనేషియాల ‘అంప్లోప్’, అంటే కవరే. చైనాల ‘బండి కిరాయి’ అంటరు. నైజీరియాల ‘బ్రౌన్ ఎన్వలప్’. మెక్సికోల ‘చయోతే’, అంటే మన కూరగాయల అంగట్ల దొరికే బెంగళూరు వంకాయ. అక్కడి అధ్యక్షుడు లోపెజ్ పోర్తియో 1982ల, సర్కారు యాడ్స్ తీసుకుంట తననే విమర్శించే పత్రికల మీద కోపమొచ్చి, “నన్ను కొట్టుమని నేను పైసలియ్యను” అన్నడు. ఆయన మాటలనన్న దాపరికం లేదు.

కొందరికి నీ అవసరమే రాలేదు. ఇటలీల ప్రధానిగ చేసిన బెర్లుస్కోనీకి మూడు పెద్ద టీవీ ఛానెళ్లు సొంతం ఉండె. సొంతింటికి కిరాయెందుకు? హంగరీల 2018ల దాదాపు 500 మీడియా సంస్థలను సర్కారుకు దోస్తులైన ఓనర్లే ఒక ఫౌండేషన్‌కు ఉత్తగ రాసిచ్చిండ్రు. పోటీ చట్టం అడ్డం రాకుంట సర్కారు దాన్ని ‘జాతీయ ప్రాధాన్యం’ అన్నది.

కట్నాల బుక్కు రాసింది మాత్రం పెరూల మోంతెసినోస్ ఒక్కడే. అక్కడి అధ్యక్షుడు ఫుజిమోరి దగ్గర గూఢచారి పెద్ద. జడ్జీలకు, ఎంపీలకు, టీవీ ఓనర్లకు ఇచ్చిన ప్రతి పైసకు సంతకం తీసుకున్నడు, పైంగ వీడియో తీసి దాచిండు. ఆ లెక్కలు తర్వాత ఆర్థికవేత్తలు చదివిండ్రు. ఒక్క టీవీ ఓనరు రేటు ఒక్క నాయకుని రేటుకు సుమారు నూరు రెట్లున్నది. ఒక్క ఛానెల్‌కే నెలకు 15 లక్షల డాలర్లు.

అంత రేటు ఎందుకంటే, పది మంది ఎంపీలల్ల ఒకడు వద్దంటే పక్కోన్ని కొనొచ్చు. పది ఛానెళ్లల్ల ఒక్కటి వద్దంటే తొమ్మిదింటికి పెట్టినదంతా మట్టిపాలు. ఆ ఒక్కటి మిగిలిపోయింది. కెనాల్ ఎన్ అనే కేబుల్ ఛానెల్, చూసేటోళ్లు తక్కువని దాన్ని కొనలే. 2000 సెప్టెంబర్ 14న ఒక ఎంపీకి 15 వేల డాలర్లు లెక్కబెట్టి ఇస్తున్న వీడియో అందులనే వచ్చింది. నవంబర్ దాటకముందే ఫుజిమోరి జపాన్ నుంచి ఫ్యాక్స్‌ల రాజీనామా పంపిండు.

అమెరికాల టీవీ స్టేషన్లు పార్టీ యాడ్స్ ఎవరు కొన్నరో, ఎంతకు కొన్నరో ఫైల్ పెట్టి జనానికి చూపాలె. బ్రిటన్‌ల టీవీల పైసలిచ్చి పార్టీ యాడ్ ఏసుడే నిషేధం. పార్టీలకు ఉత్తగ టైమిస్తరు. నీకు ఈ రెండూ పడవు.

కానీ అన్నా, మునుగోడు రోడ్డు మీద ఇప్పుడు నీ సైజు చూస్తే జాలి అయితది. టేబుల్ మీద పేపరోళ్లకంటె యూట్యూబ్ లోగోల మైకులే ఎక్కువ. బడ్జెట్ అంతే, కవర్లు రెట్టింపు. నువ్వు పలుచబడ్డవు. పీఏ మాత్రం గేటు కాడ నిలబడి, పోతున్న ఒక్కొక్కన్ని ఇంకా అదే అడుగుతున్నడు: “అందరికీ అందిందా? ఎవరన్నా మిగిలిండ్రా?”

ఇట్లు,
జిల్లా పేజీ పాఠకులు
(సింగిల్ కాలమ్, కత్తెర పడకపోతే)